కోడిపిల్ల, గ్రద్ద, శిబి చక్రవర్తి తక్కెడ

ప్రతి ఏటా దసరా సంచికకు ఏదో ఒకటి వ్రాయమని మన సంపాదక మిత్రులు అడగటం, నేను మధుమేహం గురించో రక్తపోటు గురించో నాలుగు ముక్కలు వ్రాసి పంపటం అలవాటైపోయింది. ఆ సలహాలు ఎంతమంది పాటిస్తున్నారో పండుగనాడు బొబ్బట్ల దగ్గర వరుస చూస్తే నాకు తెలుస్తూనే ఉంటుంది. అందుకని ఈసారి వైద్యం కొంచెం పక్కన పెట్టి, 2023 అక్టోబరు నుండి నన్ను వదలకుండా పట్టుకున్న ఒక ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను.

ప్రశ్న చిన్నది. కోడిపిల్లను గ్రద్ద తన్నుకుపోకుండా కాపాడటం ధర్మమేనా? ధర్మమే అయితే, ఆ కాపాడటానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలి?

"ఇందులో ఆలోచించడానికి ఏముంది డాక్టరు గారూ, కోడి మనది, గ్రద్ద దొంగ" అని మీలో కొందరు నవ్వవచ్చు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

వఫ్రా తోటలో జరిగింది

మనలో చాలామందికి తెలిసిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు వ్రాయటం ఆయనకు ఇష్టం ఉండదు. మా ఇంట్లో పిల్లలు "గుడ్ల మామ" అంటారు, నేను "అన్నా" అంటాను. రాజంపేట దగ్గర పల్లె. పదిహేనేళ్ళకు పైగా దక్షిణాన సౌదీ సరిహద్దు దగ్గర, వఫ్రాలో ఒక మజ్రాలో పని చేస్తున్నారు. దోస, టమాటా తోటలు చూసుకోవటం ఆయన ఉద్యోగం. యజమాని అనుమతితో తన గది పక్కన నాటు కోళ్ళు పెంచుకుంటారు. శుక్రవారం శుక్రవారం ఆ గుడ్లు మన ఇళ్ళకు వస్తాయి. ఆ గుడ్ల డబ్బుతోనే ఊళ్ళో కూతురి నర్సింగు చదువు ఫీజు కడుతున్నానని ఒకసారి చెప్పారు.

2023లో దసరాకు రెండు వారాల ముందు గుడ్లు తెచ్చినప్పుడు ఆయన ముఖం బాగాలేదు. మూడు వారాల్లో పదకొండు పిల్లలు, రెండు పెట్టలు గ్రద్దల పాలయ్యాయట. ప్రతి సంవత్సరం చలికాలం ముందు ఈ బెడద ఉండేదే గాని, ఇంత ఎప్పుడూ లేదట. గుమ్మం దగ్గరే నిలబడి, గొంతు తగ్గించి అడిగారు.

"సార్, ఒక మాట అడగాల. కోపం జేసుకోవద్దు. పక్క మజ్రా ఆయప్ప జెప్పినాడు, సచ్చిన కోడికి గుళికల మందు పూసి మిద్దె మీద పెడితే రెండు దినాల్లో గద్దల పీడ పోతాదంట. ఎంత పూయాల్నో మీకు తెలుస్తాది గదా?"

నేను వైద్యం చదివింది రష్యాలో, ఓల్గా నది ఒడ్డున ఓల్గోగ్రాద్ నగరంలో. చదువు ముగించి మన దేశం వచ్చి, పరీక్ష పాసై, హౌస్ సర్జన్సీ చేసిన ఏడాది పురుగు మందు తాగి వచ్చిన రైతులను చాలామందిని చూశాను. నోటి వెంట నురగ, సూది మొనంత అయిపోయిన కంటిపాపలు, రాత్రంతా పక్కన నిలబడి ఎక్కించిన అట్రోపిన్ ఇంజెక్షన్లు, బయట వరండాలో ఏడ్చే భార్య. అవన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. "అన్నా, ఆ మందు మాట మళ్ళీ ఎత్తొద్దు. పెట్టేది నీ చేతిలో ఉంటుంది గాని, అది ఎవరి కడుపులోకి పోతుందో నీ చేతిలో ఉండదు" అన్నాను. గ్రద్ద తింటుంది, గ్రద్దను పిల్లి తింటుంది, పిల్లిని కుక్క లాగుతుంది, ఆ చేతులతోనే ఎవరో అన్నం తింటారు. పైగా ఈ దేశంలో 2014 నాటి 42వ నంబరు పర్యావరణ చట్టం ప్రకారం అడవి పక్షులను చంపటం నేరం. పరాయి దేశంలో ఉన్నవాడికి ఆ నేరం ఎంత దూరం తీసుకువెళుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అంతవరకు నేను చెప్పింది సరైనదే. తప్పు ఆ తర్వాత జరిగింది. "మందు వద్దు, వల కట్టు" అని సలహా ఇచ్చాను. అంతటితో ఊరుకోకుండా, ఉపకారం చేస్తున్నానన్న ఉత్సాహంలో చేపల వలలమ్మే దుకాణంలో చవకగా దొరికిన సన్నని నైలాన్ వల కొని, శనివారం కారులో వేసుకుని వెళ్ళాను. సాయంత్రం పిల్లల డాన్సు రిహార్సలు ఉంది, త్వరగా తిరిగి రావాలి. నాలుగు కర్రలు పాతి, వలను వదులుగా కప్పి, "ఇక భయం లేదన్నా" అని చేతులు దులుపుకుని వచ్చేశాను.

ఐదో రోజు తెల్లవారుజామున ఫోను. వలలో ఒక పెద్ద పక్షి చిక్కుకుంది. రాత్రంతా గింజుకున్నట్టుంది, రెక్క విరిగింది. నేను చేరేసరికి ఆయన దాన్ని జాగ్రత్తగా విడిపించి, తల మీద తువ్వాలు కప్పి, అట్టపెట్టెలో పెట్టి, నీడలో ఉంచారు. తల కప్పితే పక్షి శాంతిస్తుందని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ముదురు గోధుమ రంగు ఒళ్ళు, తల మీద లేత పసుపు. తర్వాత పుస్తకంలో చూస్తే మార్ష్ హారియర్ అనే జాతి ఆడపక్షి అని తెలిసింది. మనుషుల ఎముకలు కట్టిన చేతులతో గ్లవ్స్ తొడుక్కుని దాని రెక్కకు కట్టు కట్టాను. డేగలకు వైద్యం చేసే ఒక పశువైద్యుణ్ణి ఫోనులో అడిగి ఆయన చెప్పినట్టు చేశాను. మూడో రోజు అది చనిపోయింది.

రేగు చెట్టు కింద గుంట తీసి పూడ్చిపెట్టారు అన్న. ఆయనకు సంతోషం కలగాలి కదా, పిల్లల్ని ఎత్తుకుపోయిన శత్రువు చచ్చింది. ఆయన మాత్రం మట్టి సర్ది లేచి ఇలా అన్నారు: "ఇది గూడా మన మాదిరే గదా సార్. యాడనో పుట్టింది, కూటి కోసరం ఈడికొచ్చింది."

ఆ మాట విన్నాక నాకు తిరుగు ప్రయాణంలో దారి పొడవునా మాట రాలేదు.

గ్రద్ద చేసిన నేరం ఏమిటి?

మనం ఉంటున్న ఈ చిన్న దేశం పక్షుల రహదారి మీద ఉంది. ఎండలు తగ్గే సెప్టెంబరు చివరి నుండి నవంబరు వరకు, అంటే సరిగ్గా మన దసరా దీపావళి రోజుల్లో, రష్యా, కజకిస్తాన్ వంటి చలి దేశాల నుండి గ్రద్దలు, డేగలు, స్టెప్పీ ఈగల్స్ అనే పెద్ద గ్రద్దలు కువైట్ మీదుగా దక్షిణానికి వెళతాయి. మళ్ళీ ఉగాది రోజుల్లో తిరుగు ప్రయాణం. కొన్ని చలికాలమంతా ఇక్కడే, జహ్రా రెల్లు మడుగుల దగ్గర, వఫ్రా, అబ్దలీ తోటల దగ్గర ఆగిపోతాయి. మన వలలో చిక్కిన మార్ష్ హారియర్ జాతి చలికాలంలో మన దేశపు చిత్తడి నేలలకూ, వరి పొలాలకూ వచ్చేదే. ఓల్గా ఒడ్డున రెల్లు పొదల్లో గూళ్ళు పెట్టేదీ అదే జాతి. నేను ఆరేళ్ళు చదువుకున్న చోట అది పుట్టి ఉండవచ్చు, నేను పుట్టిన చోటికి అది వెళుతూ ఉండవచ్చు. మధ్యలో ఇద్దరం వఫ్రాలో కలిశాం.

ఇంత ప్రయాణం చేసే పక్షికి ఆకలి ఉంటుంది. దాని కడుపు గింజలను అరిగించుకోలేదు. మాంసం తినటం దానికి వ్యసనం కాదు, శరీర ధర్మం. నా సంగతే చూడండి. కార్తీక మాసం నెల రోజులు మాంసం మానేస్తాను, పౌర్ణమికి దీపాలు పెడతాను, మార్గశిరం రాగానే మళ్ళీ బిర్యానీ తింటాను. మానగలిగిన శక్తి ఉండి తినే నేను, మానే శక్తే లేని గ్రద్దను దొంగ అనటం ఏమి న్యాయం? అన్న కూడా పెట్టల్ని మాంసానికి అమ్ముతారు. కోడి దృష్టిలో చూస్తే గ్రద్దకూ మనకూ ఉన్న తేడా చాలా స్వల్పం.

మన పెద్దలు ఈ రెండు పక్షులనూ దేవుళ్ళ జెండాల మీదే కూర్చోబెట్టారు. విష్ణుమూర్తి గరుడధ్వజుడు, సుబ్రహ్మణ్యస్వామి కుక్కుటధ్వజుడు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు గరుడసేవను టీవీలో చూసి చేతులు జోడించే మనమే, కోడిపిల్ల పోయిన మరునాడు ఆ గరుత్మంతుడి బంధువుల మీద రాయి విసురుతాం. పల్లెల్లో కోడి పందేల వాళ్ళు ఎర్ర ఈకల పుంజును ఏమంటారో మీకు తెలుసు కదా, "డేగ" అంటారు. కోడికి దాని శత్రువు పేరే గౌరవంగా పెట్టుకున్న జాతి మనది.

మరి కోడిని కాపాడవద్దా?

కాపాడాలి. అయితే ఆ బాధ్యత గ్రద్ద పాపం నుండి పుట్టింది కాదు, మనం చేసిన పని నుండి పుట్టింది. ఇది స్పష్టంగా గ్రహిస్తే సగం చిక్కు విడిపోతుంది.

అడవి కోడిని చూడండి. చీకటి పడితే చెట్టెక్కి నిద్రపోతుంది, ప్రమాదం వస్తే రివ్వున ఎగిరి పొదల్లో దూరుతుంది. అదే కోడిని వేల ఏళ్ళుగా మనం ఇంటికి తెచ్చి, బరువు పెంచి, గుడ్లు పెంచి, ఎగిరే శక్తిని తగ్గించాం. దాని రెక్కల బలాన్ని మనం తీసుకున్నాం కాబట్టి, ఆ రెక్కలు చేయవలసిన పని ఇప్పుడు మనం చేయాలి. ఎవరు పోషిస్తారో వారే రక్షించాలి. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. రక్షణకు ఖర్చు ఉంటుంది. మందు పెడితే ఆ ఖర్చు గ్రద్ద భరిస్తుంది, పిల్లి భరిస్తుంది, పాపం ఏమీ తెలియని మరొకరు భరిస్తారు. నేను కట్టిన చవక వల ఖర్చు కూడా ఆ పక్షే భరించింది. ఒక గంట సమయం, పది దినార్లు నేను మిగుల్చుకున్నాను. ఆ మిగుల్చుకున్న దానికి ఒక ప్రాణం బిల్లు కట్టింది. ఇది వ్రాయటానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

వైద్యుడిగా మరో ఉదాహరణ చెప్పక తప్పదు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర మీలో చాలామంది వేసుకుని ఉంటారు, నేను ఎంతోమందికి వ్రాశాను. అదే మందును మన దేశంలో పశువుల నొప్పులకు వాడేవారు. ఎవరిదీ దురుద్దేశం కాదు, ఆవు బాధ తగ్గాలనే. ఆ మందు ఒంట్లో ఉన్న పశువు చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై రాలిపోయాయి. 1990ల నుండి పదేళ్ళు దాటేసరికి మన దేశపు రాబందులలో కొన్ని జాతులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కారణం 2004లో బయటపడింది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆవును కాపాడిన ఖర్చు రాబందు భరించింది. ఖర్చు భరించేవాడు మన కంటికి కనిపించకపోతే మనం దాన్ని లెక్కలోనే వేసుకోం.

మన పండుగలోనూ ఇటువంటిది ఒకటుంది. దసరానాడు పాలపిట్టను చూడటం శుభమని తెలంగాణలో ఆచారం. ఊరి బయటి పొలాలకు వెళ్ళి, అది ఎగురుతుండగా చూసి దండం పెట్టుకునేవారు మన తాతలు. ఇప్పుడు నగరాల్లో కొందరు దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, ఇంటింటికీ తిప్పి డబ్బులు అడుగుతున్నారు. శుభం మనకు, ఖర్చు పిట్టకు.

తక్కెడలో ఏమి పెట్టాలి?

శిబి చక్రవర్తి కథ మనందరికీ తెలుసు, పిల్లలకు ఎన్నోసార్లు చెప్పి ఉంటాం. మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. అజంతా మొదటి గుహలో గోడ మీద చిత్రించి ఉంది. ఆ పక్షిని పూడ్చి వచ్చిన రాత్రి ఆ కథను నేను మళ్ళీ మొదటి నుండి ఆలోచించుకున్నాను. చిన్నప్పుడు విన్నప్పుడు గమనించని రెండు సంగతులు కనిపించాయి.

మొదటిది, పావురం ఒడిలో వాలినప్పుడు రాజు డేగను పాపి అనలేదు. డేగ వాదన పూర్తిగా విన్నాడు. "ఇది నాకు విధించిన ఆహారం. దీన్ని నువ్వు లాక్కుంటే నేను చస్తాను, నన్ను నమ్ముకున్న పిల్లలు చస్తారు. ఒకరిని కాపాడటానికి పలువురిని చంపటం ధర్మమా?" అన్న భావంతో డేగ అడుగుతుంది. రాజు ఆ ప్రశ్నను కొట్టిపారేయలేదు. అది న్యాయమైన ప్రశ్న అని ఒప్పుకున్నాడు కాబట్టే కథ ముందుకు నడిచింది.

రెండవది, నాకు బాగా తగిలిన సంగతి. రాజు వెంటనే తన తొడ కోసి ఇవ్వలేదు. ముందు ఎద్దునో, పందినో, లేడినో, దున్ననో వండించి పెడతానన్నాడు. అంటే మనందరిలాగే, ముందు మరొకరి మాంసంతో సమస్య తీర్చుకోవాలని చూశాడు. డేగ ఒప్పుకోలేదు. పావురాన్ని కాపాడాలన్న సంకల్పం నీదైతే, తక్కెడలో పెట్టే మాంసం కూడా నీదే కావాలి అన్నది.

ఈ కథను మనం త్యాగం గురించిన కథగా పిల్లలకు చెబుతాం. నాకు ఇప్పుడది లెక్కల గురించిన కథగా కూడా తోస్తోంది. రక్షించాలనుకున్నవాడే రక్షణ ఖర్చు భరించాలి, మూడోవాడి మీద వేయకూడదు. ఆ లెక్క సరిపోయాకే తక్కెడ నిలిచింది, ఇంద్రుడూ అగ్నీ నిజరూపాలు చూపారు.

"అలాగైతే మనమందరం తొడలు కోసుకోవాలా?" అని అడగవద్దు. మన కథలో గ్రద్ద స్థితి శిబి కథలోని డేగ అంత గడ్డుగా లేదు. ఎలుకలు, చిన్న పక్షులు, మడుగుల్లో జీవాలు దానికి ఉన్నాయి. కోళ్ళను మూసిపెడితే అది ఆకలితో చచ్చిపోదు, తన మామూలు వేటకు పోతుంది. మనం కప్పు లేకుండా కోళ్ళను వదిలి దాన్ని ఊరించటమే తప్పు. మధుమేహ రోగి ముందు జిలేబీ పళ్ళెం పెట్టి, తిన్నాడని తిట్టినట్టు. కాబట్టి మన తక్కెడలో పడవలసిన మాంసం చాలా తక్కువ. కొన్ని దినార్లు, కొన్ని గంటలు, అప్పుడప్పుడు ఒక కోడిపిల్ల.

హింస లేకుండా బ్రతకటం సాధ్యమా అని మరో మిత్రుడు అడిగారు. అదే అరణ్యపర్వంలో మిథిలా నగరపు ధర్మవ్యాధుడు కౌశికుడికి జవాబు చెప్పాడు. నాగలి దున్నినా జీవాలు చస్తాయి, నడిచినా చస్తాయి, పూర్తిగా అహింసతో బ్రతికేవాడు లేడు అన్నాడు మాంసం అమ్ముకునే ఆ జ్ఞాని. అయితే తప్పించుకోలేని హింస ఉంది కదా అని తప్పించుకోగల హింసకు అనుమతి ఇవ్వలేదు. నా నైలాన్ వల తప్పించుకోగలిగిన హింస.

పెద్దలకు తెలిసిన ఉపాయాలు

మా నాయనమ్మకు ఇవేవీ తెలియవు గాని పద్ధతి తెలుసు. పిల్లలు ఈకలు పూర్తిగా వచ్చి కాస్త పెద్దవయ్యేదాకా కోళ్ళ గంప కిందే. పొద్దున, సాయంత్రం తను అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ ఉన్నప్పుడే వాటిని వదిలేది. గ్రద్ద నీడ కనిపిస్తే కేక వేసేది. అయినా ఎప్పుడో ఒకటి పోయేది. "గద్దకొకటి, పిల్లికొకటి, అల్లుడికొకటి, మిగిలినవి మనకు" అని నవ్వేది. భూతయజ్ఞం అని మన శాస్త్రాలు చెప్పినదాన్ని ఆవిడ కోళ్ళ లెక్కలో కలిపేసుకుంది.

ఓల్గోగ్రాద్ లో మా హాస్టలు వెనుక ఒక ముసలమ్మ ఉండేది. ఆవిడా అంతే. చిన్న పీట వేసుకుని ఊలు అల్లుకుంటూ కూర్చున్నంత సేపే కోళ్ళు బయట. రెండు దేశాల ముసలమ్మలకు తెలిసినది ఒకటే, కాపలా అంటే మనిషి కూర్చోవటం. అంటే తన సమయం ఖర్చు పెట్టటం.

ఆ తర్వాత మేము నలుగురం కలిసి అన్నకు సరిగ్గా కట్టించిన ఏర్పాటు వివరిస్తాను. ఊళ్ళో కోళ్ళు ఉన్నవారికి, ఇక్కడ ఇంటి హోష్ లో పెంచుకునేవారికి పనికి వస్తుంది.

ఇనుప గొట్టాల చట్రం మీద గట్టి ఇనుప జాలీ బిగించి కప్పు వేశాం. సన్నని నైలాన్ వల వాడకూడదు. అది పక్షికి కనిపించదు, కాలికీ రెక్కకూ చుట్టుకుంటుంది. వలే వాడవలసి వస్తే లావు దారంది, చిన్న కన్నులది, దూరానికి కనిపించేది, డోలులా బిగుతుగా కట్టాలి, రోజూ తెల్లవారగానే చూసుకోవాలి. మేత తొట్టి, నీళ్ళ తొట్టి మీద రేకు కప్పు వేశాం. 2005లో ఈ దేశపు సముద్ర తీరాన ఒక ఫ్లెమింగోలో బర్డ్ ఫ్లూ బయటపడటం, 2007లో కోళ్ళలో ఆ వ్యాధి వచ్చి పెద్ద ఎత్తున కోళ్ళను చంపవలసి రావటం పాతవారికి గుర్తుండే ఉంటుంది. వలస పక్షుల రెట్ట మేతలో పడకుండా ఉండటం కోళ్ళకూ మనకూ మంచిదే.

కోళ్ళు తిరిగే చోట అక్కడక్కడ పొదలు, పాత చెక్క బల్లలు పెడితే అవి పరుగెత్తి దూరటానికి చోటు ఉంటుంది. ఒక మంచి పుంజు ఉండాలి. ఆకాశం నుండి వచ్చే ప్రమాదానికి ఒక రకం కూత, నేల మీద వచ్చే కుక్కకూ నక్కకూ మరో రకం కూత పుంజు వేస్తుందని పరిశోధకులు కూడా తేల్చారు. పెట్టలు ఆ కూతను బట్టి దాక్కోవటమో, తలెత్తి చూడటమో చేస్తాయి. పాత సీడీలు వేలాడదీయటం, దిష్టిబొమ్మ పెట్టటం నాలుగు రోజులు పనిచేస్తాయి, ఐదో రోజు గ్రద్ద ఆ బొమ్మ నెత్తి మీదే కూర్చుంటుంది. రాత్రి తలుపున్న గూట్లో మూసెయ్యాలి, ఎందుకంటే చీకట్లో వచ్చేవి వేరే ఉన్నాయి.

ఈ ఏర్పాటుకు మొత్తం 46 దినార్లు, రెండు శనివారాలు పట్టాయి. అందులో చందా వేసుకున్నాం. ఇంకో చిన్న పని కూడా చేశాం. గుడ్ల ట్రేకు పావు దినారు ఎక్కువ ఇవ్వాలని కొనే కుటుంబాలన్నీ అనుకున్నాం. ఎప్పుడైనా ఒక కోడి గ్రద్ద పాలైతే ఆ నష్టం అన్న ఒక్కడి మీదే పడకూడదని. ఆయనకు కూతురి ఫీజు కట్టుకోవలసిన భయం ఉన్నంత కాలం గ్రద్ద మీద దయ చూపమని చెప్పే హక్కు నాకు లేదు. దయకు కూడా ఖర్చుంది, దాన్ని పేదవాడి మీద వేసి మనం పుణ్యం మూట కట్టుకోవటం మళ్ళీ ఎద్దు మాంసం తక్కెడలో పెట్టటమే. ఒక కుటుంబం మాత్రం పావు దినారు ఎక్కువని గుడ్లు మానేశారు. వారు ఈ వ్యాసం చదివితే తిరిగి వస్తారని ఆశ.

మన గూటి సంగతి

ఇక్కడితో ముగిస్తే బాగుండేది గాని, అన్న అన్న మాట నన్ను ఇంకొంచెం దూరం నడిపించింది.

మనం ఈ దేశం వచ్చింది ఎందుకు? పిల్లల కోసమే కదా. వారి చదువు, వారి భద్రత, వారి భవిష్యత్తు. కోడిపెట్ట రెక్కలు చాచినట్టు చాచి కూర్చున్నాం. తప్పేమీ లేదు. అయితే ఆ రెక్కల ఖర్చు ఎవరు భరిస్తున్నారో ఎప్పుడైనా లెక్క చూసుకున్నామా?

మా ఇంట్లో నేనూ నా భార్యా ఇద్దరం ఉద్యోగాలకు వెళ్ళినప్పుడు మా చిన్నవాడిని ఆరేళ్ళపాటు చూసుకున్న అక్క కడప జిల్లా నుండి వచ్చిన మనిషి. మావాడికి జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది. అదే సంవత్సరం ఊళ్ళో ఆమె కొడుకు పదో తరగతి తప్పాడు. ఆ సంగతి ఆమె నాకు చెప్పలేదు, చాలా రోజుల తర్వాత ఎవరో చెప్పగా తెలిసింది. నెల నెలా జీతం సక్రమంగానే ఇచ్చాను కదా అనుకున్నాను. జీతం ఇచ్చాను, నిజమే. ఇద్దరు పిల్లలకు సరిపోయే తల్లి సమయంలో మావాడి వాటా ఎంత, ఆమె కొడుకు వాటా ఎంత అన్న లెక్క మాత్రం నేను చూడలేదు. ఊళ్ళో ఒంటరిగా ఉండి, మనకు ఫోనులో "నేను బాగానే ఉన్నాను నాయనా" అని చెప్పే మన అమ్మానాన్నల లెక్క కూడా చాలామందిమి చూడం.

నేను ఎవరినీ నిందించటం లేదు, అందరికంటే ముందు వరుసలో నేనే ఉన్నాను. రక్షించటం మానమని అసలే అనటం లేదు. ఎవరి ఖర్చు మీద రక్షిస్తున్నామో తెలుసుకుని, వీలైనంత మన వైపుకు ఆ బరువును మార్చుకుందాం అంటున్నాను. ఇంట్లో సహాయం చేసే మనిషికి వారి పిల్లల పరీక్షల సమయంలో ఊరు వెళ్ళే సెలవు, రాను పోను టికెట్టు మనమే ఇవ్వటం. రోజూ ఆమె ఊరికి ఫోను చేసుకునే అరగంట మనమే గుర్తు పెట్టుకుని ఇవ్వటం. అమ్మానాన్నల దగ్గరికి పండుగకు కాకుండా, పని లేని రోజుల్లో కూడా వెళ్ళి నాలుగు రోజులు కూర్చోవటం. ఇవి శిబి చక్రవర్తి చేసినంత పెద్ద పనులు కావు. ఎంత చిన్నవైనా మన మాంసమే.

పోయిన శుక్రవారం వఫ్రా వెళ్ళాను. జాలీ కప్పు కింద కోళ్ళు నేల గీరుకుంటున్నాయి. అన్న కూతురు చివరి సంవత్సరంలోకి వచ్చిందట. ఆకాశంలో చాలా ఎత్తున ఒక గ్రద్ద రెక్క కదపకుండా తిరుగుతోంది. పుంజు తల వంచి ఒక కన్నుతో దాన్ని చూసి చిన్నగా కూత వేసింది. పెట్టలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ గీరుకోవటం మొదలుపెట్టాయి. "చూడు సార్, వచ్చేసినాయి. పండగొచ్చినట్టే" అన్నారు అన్న.

మన సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ, ఊళ్ళో మన కోసం ఎదురు చూసే పెద్దలకూ విజయదశమి, దీపావళి శుభాకాంక్షలు.